ఇంట్లో మాట్లాడేది నేనొక్కదాన్నే

మా ఊళ్ళో నన్ను వసపిట్ట అనేవాళ్ళు. బడిలో సారు పాఠం చెబుతుంటే వెనక బెంచీలో నేను ఇంకో పాఠం నడిపేదాన్ని. పెళ్ళిచూపుల ముందు రోజు మా అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "జెర నోరు అదుపుల పెట్టుకో బిడ్డా, అడిగినదానికే చెప్పు" అని బతిమాలింది. అట్లాంటి దానికి దేవుడు పెట్టిన పరీక్ష చూడండి. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా మాట్లాడుతూనే ఉండమన్నాడు, బదులు చెప్పే మనిషిని మాత్రం ఇవ్వలేదు.

మా పాప సహస్రకు పుట్టుకతోనే వినికిడి లేదు. ఇప్పుడు నాలుగేళ్ళు దాటాయి. చెవి వెనక మిషను పెట్టుకుని అంగన్‌వాడీకి పోతోంది. గడ్డు రోజులు గడిచాయి కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. ఇట్లాంటి బిడ్డ ఉన్న తల్లి ఎవరైనా చదివితే, మేము మోసపోయినట్టు వాళ్ళు మోసపోకుండా ఉంటారేమోనని ఒక ఆశ. రాస్తే నా మనసు కూడా కాస్త కుదుటపడుతుందని ఇంకో ఆశ. డాక్టర్లు చెప్పాల్సినవి డాక్టర్లే చెబుతారు. మా మీదుగా ఏం గడిచిందో అదే నేను రాస్తాను.

షెడ్డు పక్క గది

మేము ఇస్నాపూర్‌లో కిరాయికి ఉంటాం. వరసగా గదులు, అందులో మాది చివరిది. మా వెనక గోడకు ఆనుకుని ఒక షెడ్డు. అందులో ఇనుప రేకుల నుంచి వాషర్లు గుద్ది తీసే ప్రెస్సులు ఉంటాయి. పొద్దున షిఫ్టు మొదలైందంటే గోడ, నేల, మేకుకు తగిలించిన గరిటెలు అన్నీ అదురుతాయి. మా ఆయన నర్సింలు పనిచేసేది కూడా ప్రెస్ షాపులోనే. అది పాశమైలారం వైపు, ఇంతకంటే చాలా పెద్దది.

ప్రెస్ షాపు మనుషులకు ఒక అలవాటు ఉంటుంది. లోపల మాట వినపడదు కాబట్టి చేతులతో మాట్లాడుకుంటారు. బొటనవేలు పెదవికి తగిలిస్తే నీళ్ళు. పిడికిలి బిగిస్తే మిషను ఆపమని. అరచెయ్యి మెల్లగా కిందికి దించితే జోరు తగ్గించమని. మణికట్టు మీద రెండు వేళ్ళతో కొడితే టైమయింది, పోదాం పదమని. ఏళ్ళ తరబడి అట్లా బతికి, ఆయనకు ఇంట్లో కూడా అదే భాష అయిపోయింది. అన్నం పెట్టమన్నా చెయ్యే, చాలన్నా చెయ్యే. పెళ్ళయిన కొత్తలో "నోరు తెరిస్తే ముత్యాలు రాలుతాయా ఏంది?" అని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆయన నవ్వేవాడు, దానికీ బదులు చెప్పేవాడు కాదు.

సహస్ర ఏడాది నిండేసరికి ఆ సైగలన్నీ పట్టేసింది. ఆయన షిఫ్టు నుంచి రాగానే గుమ్మంలో నిలబడి మణికట్టు మీద కొట్టి చూపించేది, పోదాం పద అని. ఆయన ఎత్తుకుని గల్లీ చివరిదాకా తిప్పి తెచ్చేవాడు. ఆయనతో పనిచేసేవాళ్ళు వచ్చినప్పుడు చూసి, "నర్సన్నా, నీ బిడ్డకు గేటు పాసు తియ్యరాదే, రేపటి సంది డ్యూటీకి తోలుదాం" అని నవ్వేవాళ్ళు. మేమంతా మురిసిపోయాం.

వినపడదన్న అనుమానం ఎవరికీ రాలేదు. ఎట్లా వస్తుంది? పొద్దున షెడ్డులో ప్రెస్సు మొదటి దెబ్బ పడగానే పాప కళ్ళు తెరిచేది. గోడవైపు తల తిప్పేది. నా చేతిలోంచి గిన్నె జారి కింద పడితే గిరుక్కున తిరిగి చూసేది. "దీనివి పాము చెవులే" అనేది మా అత్తమ్మ. మాట రాలేదని నేను భయపడితే, ఊరి నుంచి వసకొమ్ము తెచ్చి, సాన మీద తేనెతో అరగదీసి నాలుకకు రాసేది. "వస నాకిస్తున్నం గదా, అదే వస్తది. నర్సింలు గూడ మూడేండ్లు నిండినంకనే మాట్లాడిండు" అనేది. తర్వాత డాక్టరు ఆ వస మాట విని, అది పసిపిల్లలకు పెట్టనే కూడదని గట్టిగా చెప్పారు.

ఆయుధ పూజ నాడు

దసరాకు షెడ్డులో ఆయుధ పూజ చేస్తారు. ముందు రోజు సాయంత్రమే ప్రెస్సులు ఆపి, తుడిచి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేస్తారు. పండగనాడు మిషను ముట్టరు. ఆ పొద్దున గోడ అదరలేదు. పాప ఎండ మొహం మీద పడేదాకా లేవనేలేదు. పండగ పని తెములుతుందని నేను సంతోషించాను.

పూజకు గదులవాళ్ళందరినీ పిలిచారు. మా ఓనరు షమీమక్క కూడా వచ్చి షెడ్డు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆమెది మా వరసలో ముందు గది. భర్త పోయాక ఒక్కతే ఉంటుంది. పాపంటే ప్రాణం. పాప ఆమె ఒళ్ళో, గేటుకు వీపు పెట్టి, కొబ్బరిముక్క చప్పరిస్తోంది. గుమ్మడికాయ కొట్టారు. వెంటనే ఎవరో పటాకుల లడీ అంటించారు. పిల్లలందరూ చెవులు మూసుకుని తల్లుల కొంగుల్లో దూరారు. షమీమక్క ఉలిక్కిపడింది. ఆ కుదుపుకు పాప తలెత్తి, ఏమైందన్నట్టు ఆమె మొహంలోకి చూసింది. లడీ ఇంకా పేలుతూనే ఉంది. పాప వెనక్కి తిరగలేదు. మళ్ళీ కొబ్బరిముక్క నోట్లో పెట్టుకుంది.

షమీమక్క నన్ను పక్కకు పిలిచి, "స్వరూపా, బచ్చీకి ఇనొస్తలేదమ్మా. పరేషాన్ గాకు, గని జల్దీ చూపియ్యి" అంది.

నాకు ఒళ్ళు మండింది. పండగ పూట ఇదేం మాట అనుకుంటూ పాపను లాక్కుని గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాను. ఆమెది తప్పని తేల్చుకోవాలి నాకు. పాప బంతిపువ్వు రేకులు పీకుతూ కూర్చుంది. వెనక నిలబడి, పళ్ళెం గాల్లో పట్టుకుని గరిటెతో కొట్టాను. చూడలేదు. ఇంకా గట్టిగా కొట్టాను. చూడలేదు. చేతిలో ఉన్నవి మంచం మీద పెట్టి, నేల మీద కాలితో ఒక్క తన్ను తన్నాను. గిరుక్కున తిరిగి నన్ను చూసి నవ్వింది.

ఇన్నాళ్ళూ బిడ్డ విన్నది చెవులతో కాదు, నేలతో. నేను అట్లాగే గోడకు చేరగిలబడి కూర్చున్నాను. పాప వచ్చి నా ఒళ్ళో పూరేకులు పోసింది. బయట ప్రసాదాలు పంచుతున్నారు, ఎవరో నా పేరు పెట్టి పిలుస్తున్నారు. మీ బిడ్డ వినికిడి మీద అనుమానం ఉంటే ఇంట్లో గిన్నెలు కొట్టి తేల్చుకోకండి. ఇది రాయడానికి అసలు కారణం ఆ ఒక్క మాట.

చలికాలం, బెంచీలు

పట్నంలో పెద్దాసుపత్రి. పొద్దున్నే బస్సెక్కితే అక్కడ మా పిలుపు వచ్చేసరికి మధ్యాహ్నం. ఆ చలికాలమంతా నేను చూసినవి బెంచీలే. పిల్ల నిద్రపోతేనే ఒక పరీక్ష చేస్తారు. అందుకని వరండా నిండా తల్లులు పిల్లల్ని జోకొడుతూ ఉంటారు. అంతమంది జోలపాటలు పాడుతుంటే, ఒక్క పిల్లకూ ఆ పాట వినపడదన్న సంగతి ఒకరోజు నాకు తట్టింది. ఆ తర్వాత నేను పాడలేదు, ఊరికే వీపు మీద తట్టాను.

నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చిన ఒకామె నా పక్కన కూర్చుంది. నేను పొద్దున్నుంచి ఏం తినలేదని ఎట్లా కనిపెట్టిందో, జొన్నరొట్టె సగం తుంచి ఎల్లిపాయ కారం అద్ది నా చేతిలో పెట్టింది. "తిను. ఒళ్ళో పిల్ల ఉన్నప్పుడు గుండెలు గట్టిగుండాలె" అంది. ఆమె పేరు కూడా అడగలేదు నేను. అంత మాటకారిని, ఆ బెంచీ మీద మూగదాన్నయిపోయాను.

రెండు చెవులూ అని చెప్పారు. లోపం చాలా ఎక్కువ అన్నారు. పైకి పెట్టే మిషను కొన్నాళ్ళు చూసి, దానితో పని జరగకపోతే లోపల ఆపరేషను చేసి పెట్టాల్సి ఉంటుందన్నారు. ఆ రోజే ఇంకోటి జరిగింది. పరీక్షలు చేసే మేడం మా వెనక నుంచి కాగితం పట్టుకుని, "నర్సింలు గారూ" అని పిలిచింది. ఆయన కదల్లేదు. మళ్ళీ పిలిచింది. నేను మోచేత్తో పొడిస్తే లేచాడు. ఆమె ఆయన మొహం చూసి, "మీరు ఏం పని చేస్తారు?" అని అడిగింది. తర్వాత ఒకరోజు ఆయన చెవులూ పరీక్ష చేసింది. ప్రెస్సు చప్పుడు ఆయన వినికిడిని సగానికి పైగా తినేసింది. బిడ్డది పుట్టుకతో వచ్చింది, ఆయనది పనితో వచ్చింది, దానికీ దీనికీ సంబంధం లేదని చెప్పింది. ఇక మీదట చెవుల్లో రక్షణ పెట్టుకునే పనిచేయాలని, పోయింది మాత్రం తిరిగి రాదని చెప్పింది.

బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. పాప ఆయన ఒళ్ళో పడుకుంది. లింగంపల్లి దాటాక నేను ఏదో అన్నాను. ఆయన కిటికీ నుంచి తల తిప్పలేదు. కోపమనుకునేదాన్ని ఇన్నేళ్ళూ. ఇప్పుడు తెలిసింది, వినపడలేదు. మా ఇంట్లో వినపడే మనిషిని నేనొక్కదాన్నేనని అప్పుడు అర్థమైంది. బస్సు నిండా జనం ఉన్నారు, నాకు మాత్రం ఎవరూ లేరనిపించింది.

అత్తమ్మకు ఫోన్ చేసి చెబితే, "మా దిక్కు ఎవ్వలకు లేదు గిట్ల. మీ దిక్కు అడుగు" అంది. నేను ఫోన్ పెట్టేశాను. చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు.

వానాకాలం, ఆపరేషను తర్వాత

పైకి పెట్టిన మిషనుతో పని జరగలేదు. ఆపరేషను సంగతి రాయను. తలుపు మూసిన గది బయట మేమిద్దరం కూర్చున్నాం, అంతే. కట్టు విప్పాక చెవి పైన గొరిగిన చోట జుట్టు మొలకెత్తుతుంటే పాప అద్దంలో చూసుకుని వేలితో తడుముకునేది.

గాయం మానాక బయటి మిషను తగిలించి మొదటిసారి శబ్దం పంపే రోజు వచ్చింది. ఫోన్లో వీడియోలు చూసి ఉన్నాను. పిల్లలు ఆశ్చర్యంగా కళ్ళు విప్పి నవ్వుతారు, తల్లులు ఏడుస్తారు. నేను మంచి చీర కట్టుకుని పోయాను. పేరు పెట్టి పిలవమంటే పిలిచాను. మా పాప నవ్వలేదు. గావుకేక పెట్టింది. మిషను లాగి పారేసి, వాళ్ళ నాన్న చొక్కాలో తల దూర్చి వణికింది. నా వైపు చూడలేదు. ఆ శబ్దం నా గొంతు అని ఆమెకు ఎవరు చెప్పాలి?

ఇంటికి వచ్చాక రోజూ అదే యుద్ధం. చెవి వెనక మిషను, దాని నుంచి ఒక తీగ, తీగ చివర తలకు అయస్కాంతంతో అంటుకునే బిళ్ళ. నేను పెట్టడం, ఆమె పీకడం. ఒకసారి బియ్యం డబ్బాలో దొరికింది, ఒకసారి ఇనుప బీరువాకు అంటుకుని ఉంది. ఇంకో చిక్కు, ఆయన చొక్కా నిండా ఇనుప రజను ఉంటుంది. ఎత్తుకోగానే అది అయస్కాంతానికి పట్టుకుని పాప తల గీరుకుపోయేది. స్నానం చేయందే బిడ్డను ముట్టకూడదని రూలు పెట్టాను. ఆయన గేటు లోపలికి రాగానే నేను అడ్డం నిలబడేదాన్ని. పాప అటువైపు నుంచి చేతులు చాపి ఏడిచేది.

మాటల ఏడాది

సంగారెడ్డిలో చిన్న థెరపీ గది. అక్కడ దీపిక మేడం. మొదటి రోజే చెప్పింది, "పుట్టిన బిడ్డతో ఏడాది పాటు మనం మాట్లాడుతూనే ఉంటాం కదమ్మా, బదులు ఆశించం. ఈమె చెవి ఇప్పుడే పుట్టింది అనుకోండి. మీరు ఏం చేస్తుంటే అది చెప్పండి. పక్కన కూర్చుని, చెవి దగ్గర, మామూలు గొంతుతో. రోజంతా చెప్పండి."

నాకు చెప్పాలా మాట్లాడమని? హుషారుగా మొదలుపెట్టాను. "ఇగో, ఉల్లిగడ్డ కోస్తున్న. ఉల్లిగడ్డ. కండ్లు మండుతున్నయ్. నీళ్ళు పోస్తున్న. నీళ్ళు సల్లగున్నయ్. పోపు ఏస్తున్న." బట్టలు ఉతుకుతూ, జడ వేస్తూ, బస్సు కోసం నిలబడి, రుద్రారం దాటేటప్పుడు లారీలు చూపించి, కంది దాటేటప్పుడు గొర్రెలు చూపించి. పాప నా మొహం చూసేది కాదు, గోడ చూసేది, చీమల్ని చూసేది. నెల గడిచింది, ఇంకో నెల గడిచింది. మాట ఇచ్చి మాట పుచ్చుకోవడం అలవాటైన మనిషికి, ఒక్కవైపే ఇస్తూ పోవడం ఎంత కష్టమో చెప్పలేను. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయేది. సాయంత్రానికి నా గొంతంటే నాకే విసుగు పుట్టేది.

పక్క గదిలో బీహార్ నుంచి వచ్చిన రామ్‌భజన్ ఉండేవాడు. పెద్దవయసు మనిషి. నైట్ డ్యూటీ చేసి పొద్దున పడుకుంటాడు. మొదట్లో గోడ మీద తట్టి, "భాభీ, జరా ధీరే" అని గొంతు తగ్గించమనేవాడు. విషయం తెలిశాక తట్టడం మానేశాడు. కొన్నాళ్ళకు నల్లా దగ్గర బిందె పెట్టుకుని నిలబడి, "భాభీ, నీల్లు సల్లగున్నయ్" అన్నాడు, అచ్చం నా యాసలో. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. గోడకు అవతల ఉన్నవాళ్ళకు కూడా తెలుగు వచ్చేస్తోంది, నేను ఎవరికి నేర్పుతున్నానో ఆ మనిషికి తప్ప.

గల్లీలో మాత్రం నాకు మతి చలించిందని అనుకున్నవాళ్ళూ ఉన్నారు. బస్సులో నేను మాట్లాడటం మొదలుపెడితే పక్క సీటు ఆడవాళ్ళు జరిగి కూర్చునేవాళ్ళు.

షెడ్డు చప్పుడులో పాపకు మాట విడిగా వినపడదు, వీలైతే నిశ్శబ్దంగా ఉండే గది చూసుకోండి అని మేడం చెప్పింది. మేము ఇల్లు వెతుకుతున్నామని తెలిసి షమీమక్క తాళంచెవి పట్టుకుని వచ్చింది. "నా ముందు గదికి మీరు రాండ్రి. ఎన్కకు నేను పోత. నాకేమున్నది, టీవీ జెర పెద్దగ పెట్టుకుంట" అంది. వద్దన్నా వినలేదు. తన మంచం తానే మోయించుకుని షెడ్డు గోడ పక్కకు పోయింది. పండగనాడు నేను ఒళ్ళోంచి బిడ్డను లాక్కుని వచ్చిన మనిషి ఆమె. ఇవాళ్టికీ ఆ వెనక గదిలోనే ఉంది.

ఇంట్లో అసలు గొడవ సైగల దగ్గర వచ్చింది. పాప ఇంకా అన్నీ చేతులతోనే అడిగేది. చెవి పని నేర్చుకునేదాకా సైగకు ముందు మాట పడాలి అంది మేడం. నేను నా అతి తెలివితో సైగలే బందు పెట్టించాను. పాప గుమ్మంలో మణికట్టు మీద కొట్టి చూపిస్తే, ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. పాప మళ్ళీ కొట్టేది, ఇంకా గట్టిగా. ఆయన కదలకపోయేసరికి నేల మీద పడి ఏడ్చేది. రెండు మూడు రోజులు చూశాడాయన.

"నాకు వచ్చిందే గా ఒక్క భాష. దానికీ వచ్చింది గదే. మా ఇద్దరి నడుమ ఉన్నది గూడ గుంజుకుంటివి" అన్నాడు.

"నేను పొద్దంత అరిసి సస్తున్న, నువ్వొచ్చి ఒక్క సైగతోని అంత పాడు చేస్తున్నవ్" అన్నాను.

ఆయన విన్నాడో లేదో తెలియదు. ఆ తర్వాత ఓవర్‌టైములు ఎక్కువయ్యాయి. పాప నిద్రపోయాక వచ్చి, పొద్దున ఆమె లేవకముందే పోయేవాడు. నేను బిడ్డకు చెవులు ఇవ్వాలనుకుని తండ్రిని తీసేసుకున్నానా అని భయమేసింది. ఆ రోజుల్లో నేను పెద్దవాళ్ళు ఒక్కరితో కూడా నాలుగు మాటలు ఆడింది లేదు. గొంతు పోయేదాకా మాట్లాడేదాన్ని, ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు.

దీపిక మేడమే కనిపెట్టింది. "నాన్న రావడం లేదేంటి?" అని అడిగి, తరువాతి సారి పట్టుబట్టి పిలిపించింది. నేను చేసింది విని తల పట్టుకుంది. "సైగలు తప్పు అని నేను ఎప్పుడన్నానమ్మా? ముందు మాట, తర్వాత చెయ్యి. అంతే. పాపతో ఆయనకున్నది తెంచొద్దు, దాని మీదే కట్టాలి" అంది. ఆయన్ను పాప పక్కన కూర్చోబెట్టింది. ఆయన నోరు తెరిచి "పోదామా?" అన్నాడు. గది దద్దరిల్లింది. తన గొంతు తనకు వినపడని మనిషి కదా, ఎంత గట్టిగా అంటున్నాడో తెలియదు. పాప చెవి మూసుకుంది. మేడం మామూలుగా అనమంది. ఆయనకు మామూలు అంటే ఎంతో తెలియలేదు, సిగ్గుతో మొహం ఎర్రబడింది. అప్పుడు నాకు ప్రెస్ షాపు సైగ గుర్తొచ్చి, అరచెయ్యి మెల్లగా కిందికి దించాను. ఆయన నన్ను చూశాడు. జోరు తగ్గించి, "పోదామా బిడ్డా" అన్నాడు. అని, ఆగి, మణికట్టు మీద కొట్టాడు. పాప ఆయన మెడ పట్టుకుని వేలాడింది.

ఆ రోజు నుంచి ఇంట్లో అట్లాగే నడుస్తోంది. ఆయన పాపతో మాట్లాడతాడు, నేను ఎదురుగా కూర్చుని చెయ్యి ఎత్తుతూ దించుతూ ఉంటాను. నాకూ ఆయనకూ మాటలు కలిసింది కూడా అప్పుడే. పెళ్ళయిన ఇన్నేళ్ళకు నేను ఆయన భాష నేర్చుకున్నాను.

పాప విందని మాకు మొదట తెలిసింది మాట వల్ల కాదు. ఒక మధ్యాహ్నం షెడ్డులో భోజనాలకు మిషన్లు ఆపారు. ముందు గదికి ఆ అదురు రాదు, చప్పుడు మాత్రం సన్నగా వస్తుంది. బొమ్మతో ఆడుతున్నదల్లా తలెత్తి, చెవి మీద వేలు పెట్టుకుని, ఏదీ అన్నట్టు నన్ను చూసింది. చప్పుడు ఆగిపోయిందని ఆమెకు తెలిసింది. నేను పొయ్యి మీద పప్పు వదిలేసి ఆమె పక్కన కూర్చుని, "ఆగిపోయింది. చప్పుడు ఆగిపోయింది" అని ఎన్నిసార్లు చెప్పానో. పప్పు మాడిపోయింది.

మొదటి మాట "అమ్మ" కాదు. నేను అన్ని నెలలు గొంతు చించుకుంటే, ఆమె నోరు విప్పింది గల్లీ కుక్క కోసం. పాల ప్యాకెట్టు వాసన చూడటానికి వచ్చిన కుక్కను చూసి, "పో" అంది. సన్నగా, గాలి ఎక్కువగా. నాకు కాస్త కుళ్ళు పుట్టిన మాట నిజం. ఆ తర్వాత నీళ్ళు వచ్చాయి, "ఉయ్యిగడ్డ" వచ్చింది, షమీమక్కను పిలిచే "అక్క" వచ్చింది. అమ్మ చాలా ఆలస్యంగా వచ్చింది. అది ఎందుకో మేడంను అడిగితే, "మీరు పిలవకముందే ఎదురుగా ఉంటారు కదా, ఇంకెందుకు పిలవడం?" అని నవ్వింది.

ఈ ఎండాకాలం

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే పాపకు ఇంకా తెలియదు. వాన పడితే మిషను తడుస్తుందని నాకు ప్రాణం గుబగుబలాడుతుంది. రాత్రి మిషను తీసి పెట్టాక ఆమె మళ్ళీ ఆ పాత నిశ్శబ్దంలోకి పోతుంది, నేను బయట ఉండిపోతాను. కొన్ని మాటలు నాకు తప్ప ఎవరికీ అర్థం కావు. అందుకని ఎవరు ఏమడిగినా నేనే చెప్పేస్తాను. అంగన్‌వాడీ టీచరు పేరడిగితే నేనే, షమీమక్క ఏం తిన్నావని అడిగితే నేనే. అది నా ఉద్యోగమైపోయింది.

పోయిన ఆదివారం అత్తమ్మ ఊరి నుంచి వచ్చింది. ఈ మధ్య వస్తోంది. మా దిక్కు, మీ దిక్కు అన్న మాట మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పాపను ఒళ్ళోకి లాక్కుంటే మోకాలి మీద కొత్త దెబ్బ కనిపించింది. "ఏమైందే బిడ్డా, మోకాలికి?" అని అడిగింది.

నేను చాటలో బియ్యం ఏరుతూ, "నిన్న మన గల్లీ అంగన్‌వాడీ కాడ పిట్టగోడ ఎక్కి..." అని మొదలుపెట్టాను.

పాప అత్తమ్మ ఒళ్ళోంచి దిగి వచ్చి, నా నోటి మీద అరచెయ్యి పెట్టింది. "నువ్వు ఊకో అమ్మా. నేను చెప్త."

ఆయన మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. వినపడి కాదు, మా మొహాలు చూసి. పాప అత్తమ్మ ముందు నిలబడింది. ఒక్కో మాట వెతికి తెచ్చుకుంటూ చెప్పింది. "గోడ ఎక్కిన. పెద్ద గోడ. కాలు జాయ్యింది. కింద పడ్డ. నెత్తురొచ్చింది."

"ఏడ్సినవా?" అంది అత్తమ్మ.

పాప నా వైపు ఓరగా చూసింది. మళ్ళీ అత్తమ్మ వైపు తిరిగి, తల అడ్డంగా ఊపి, "ఏడ్వలే" అంది.

పచ్చి అబద్ధం. గల్లీ గల్లీ మారుమోగేలా ఏడ్చింది. రామ్‌భజన్ నిద్రలోంచి లేచి వచ్చాడు, షమీమక్క చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికింది.

అత్తమ్మ నా మొహంలోకి చూసింది, నిజమేనా అన్నట్టు. నేను బియ్యంలోకి తల వంచుకున్నాను. నోరు విప్పలేదు.